పైపీఐ ట్రస్టెడ్ పబ్లిషింగ్: విడుదల పనిని పంచుకునే బృందాలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కోడ్ రాసేవారు పదిమంది ఉన్నా, కొత్త వెర్షన్‌ను విడుదల చేసేవారు మాత్రం చాలాచోట్ల ఒక్కరే ఉంటారు. మిగిలినవారికి ఆసక్తి లేకపోవడమే దీనికి కారణమని అనుకోవడం సులువే గాని, చిన్న ప్రాజెక్టుల్లో అసలు అడ్డంకి అంతకంటే మామూలుది. ప్యాకేజీని ఎక్కించడానికి కావలసిన టోకెన్, అంటే తాళంచెవి లాంటి రహస్య సంకేతం, ఒకరి ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఆయన ఊళ్లో పెళ్లికి వెళ్తే విడుదల వారం ఆగుతుంది, ఉద్యోగం మారితే ఎప్పటికి కదులుతుందో చెప్పలేము. పైథాన్ ప్యాకేజీలన్నీ చేరే పైపీఐ 2023 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టిన ట్రస్టెడ్ పబ్లిషింగ్ అనే ఉచిత సదుపాయం ఈ అడ్డంకిని పూర్తిగా తొలగిస్తుంది. అయితే అది తొలగించేది ఈ ఒక్క అడ్డంకినే. టోకెన్ సమస్య పోయిన తరువాత బృందంలో ఎవరు ఏం నిర్ణయిస్తారన్న ప్రశ్న మరింత స్పష్టంగా ముందుకొస్తుంది. కాబట్టి విడుదల పనిని నలుగురూ కలిసి చేసుకోవాలనుకునే బృందం దృష్టితోనే ఈ సదుపాయాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

యూనికోడ్ రాకముందు వాడిన తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న పైథాన్ లైబ్రరీని నేనూ కొందరు మిత్రులూ కలిసి నిర్వహిస్తున్నాము. డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ ఫైళ్లుగా పేరుకుపోయిన పుస్తకాలను మళ్లీ అచ్చుకో, ఈ-పుస్తకానికో సిద్ధం చేసేవారు దీన్ని వాడుతుంటారు. మాలో ఒకరు హైదరాబాదులో, ఒకరు విజయవాడలో, మరొకరు డల్లాస్‌లో ఉంటారు. ఏదైనా ఒక వత్తు తప్పుగా మారుతోందని వాడేవారు చెబితే, సరిచేసిన కోడ్ ఆ సాయంత్రానికే రిపాజిటరీలో, అంటే కోడ్‌ను ఉంచే ఉమ్మడి చోటులో, చేరేది. ఆ సవరణ వారి చేతికి అందడం మాత్రం టోకెన్ ఉన్న మిత్రుడికి తీరిక దొరికినప్పుడే జరిగేది. పని పంచుకోవాలన్న ఇష్టం అందరికీ ఉన్నా దారి లేకపోయింది.

పాత పద్ధతిలో పైపీఐ ఖాతా ఉన్నవారు ఒక ఏపీఐ టోకెన్ సృష్టించుకుని, ట్వైన్ అనే పరికరం ద్వారా ఫైళ్లను ఎక్కించేవారు. ఆ టోకెన్‌కు గడువంటూ ఉండదు, ఎవరైనా తొలగించేవరకు అది పనిచేస్తూనే ఉంటుంది. పైగా అది ఒక వ్యక్తి ఖాతాకు కట్టుబడి ఉంటుంది కాబట్టి, ఆయన్ని ప్రాజెక్టు నుంచి తప్పిస్తే ఆయన టోకెన్‌తో నడుస్తున్న విడుదల ఏర్పాటంతా ఆగిపోతుంది. కొన్ని బృందాలు ఉమ్మడి ఖాతా ఒకటి పెట్టుకుని పాస్‌వర్డ్‌ను లోలోపల పంచుకునేవి. 2024 జనవరి 1 నుంచి పైపీఐ ఖాతాదారులందరికీ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి కావడంతో ఆ అలవాటు కూడా ఇబ్బందికరంగా మారింది, మారడమే మంచిది కూడా.

ట్రస్టెడ్ పబ్లిషింగ్‌లో దాచుకోవలసిన టోకెన్ ఉండదు. ప్రాజెక్టు యజమాని పైపీఐలో నాలుగు వివరాలు నమోదు చేస్తారు: కోడ్‌ను ఉంచే వేదికైన గిట్‌హబ్‌లో ప్రాజెక్టు ఎవరి పేరున ఉంది, రిపాజిటరీ పేరు, విడుదల పనులను దానంతటదే నడిపే వర్క్‌ఫ్లో అనే ఆదేశాల ఫైలు పేరు, విడుదలకు నియమాలు పెట్టుకునే ఎన్విరాన్‌మెంట్ అనే అమరిక పేరు. చివరిది ఐచ్ఛికం. ఆ వర్క్‌ఫ్లో నడిచినప్పుడు, ఇది ఫలానా రిపాజిటరీలోని ఫలానా ఫైలు నుంచి నడుస్తోందని గిట్‌హబ్ సంతకం చేసి ఒక గుర్తింపును ఇస్తుంది. పైపీఐ ఆ సంతకాన్ని సరిచూసి, తన దగ్గర నమోదైన వివరాలతో పోల్చి, 15 నిమిషాలు మాత్రమే చెల్లే టోకెన్‌ను అప్పటికప్పుడు ఇస్తుంది. దీని వెనకున్న ఓపెన్ఐడీ కనెక్ట్ అన్న ప్రమాణం కొత్తదేమీ కాదు, క్లౌడ్ సేవల్లో ముందునుంచీ వాడుకలో ఉన్నదే. పైపీఐ దాన్ని ప్యాకేజీల విడుదలకు తెచ్చింది. గిట్‌హబ్ ఖాతా పేరును ఎవరైనా వదులుకుంటే, ఆ పేరును మరొకరు చేజిక్కించుకుని పాత ప్రాజెక్టు పేరున విడుదల చేసే ప్రమాదం ఉంటుంది కదా, దానికి కూడా ముందే ఆలోచించారు. పేరుతో పాటు ఖాతా సంఖ్యను కూడా పైపీఐ సరిచూస్తుంది.

అమర్చుకోవడం కష్టమేమీ కాదు. పైపీఐలో ప్రాజెక్టు నిర్వహణ పేజీలోని పబ్లిషింగ్ విభాగానికి వెళ్లి ఆ చిన్న ఫారం నింపాలి. వర్క్‌ఫ్లోలో ప్యాకేజీని తయారుచేసే జాబ్‌ను, ఎక్కించే జాబ్‌ను విడివిడిగా ఉంచి, గుర్తింపు టోకెన్ కోరే అనుమతిని రెండోదానికి మాత్రమే ఇవ్వాలి. ఈ విభజనను చాలామంది తేలికగా తీసుకుని రెండింటినీ ఒకే జాబ్‌లో పెడతారు. అలా పెడితే, ప్యాకేజీ తయారీలో దిగుమతి అయ్యే ప్రతి పరికరానికీ విడుదల చేసే అధికారం చేతికి ఇచ్చినట్టే అవుతుంది. ఎక్కించే పనికి పైథాన్ ప్యాకేజింగ్ అథారిటీ వారి గిట్‌హబ్ యాక్షన్ (వర్క్‌ఫ్లోలో పిలుచుకునే రెడీమేడ్ భాగం) సిద్ధంగా ఉంది గాని, అది డాకర్ అనే కంటైనర్ పరికరం మీద ఆధారపడినది కావడంతో లైనక్స్ రన్నర్ (వర్క్‌ఫ్లోను నడిపే యంత్రం) మీదే నడుస్తుంది. విండోస్, మ్యాక్ వీల్స్ (సిద్ధంగా కూర్చిన ప్యాకేజీ ఫైళ్లు) తయారుచేసే ప్రాజెక్టులు వాటిని ఆయా యంత్రాల మీద తయారుచేసి, చివరి జాబ్‌కు ఆర్టిఫాక్ట్‌లుగా, అంటే తయారైన ఫైళ్లుగా, అందించాలి.

చిరాకు పుట్టించేది పొరపాటు సందేశం. నమోదు చేసిన నాలుగు వివరాల్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా, టోకెన్ సరైనదే గాని దానికి సరిపోయే పబ్లిషర్ లేరని ఒకే మాట వస్తుంది. ఏది సరిపోలేదో మాత్రం చెప్పదు. కింద రిపాజిటరీ, వర్క్‌ఫ్లో, ఎన్విరాన్‌మెంట్ వంటి వివరాలు వరుసగా చూపిస్తుంది, వాటిని పైపీఐలో నింపిన ఫారంతో పక్కపక్కన పెట్టుకుని మనమే అక్షరం అక్షరం పోల్చుకోవాలి. దాడి చేసేవారికి ఆధారాలు ఇవ్వకూడదన్న జాగ్రత్త అర్థమవుతుంది గాని, వర్క్‌ఫ్లో ఫైలు పొడిగింపులో ఒక్క అక్షరం తేడాకు అరగంట వెతుక్కున్న కొత్త సభ్యుడికి ఆ సమర్థన రుచించదు. పరీక్షల కోసం ఉన్న టెస్ట్‌పైపీఐ పూర్తిగా వేరే సేవ కాబట్టి, అక్కడ కూడా ఇదే ఫారం మళ్లీ నింపాలన్న సంగతి గుర్తుంచుకోవాలి.

పని పంచుకోవడానికి నిజంగా ఉపయోగపడేది ఆ ఐచ్ఛికమైన నాలుగో గడి. ఎన్విరాన్‌మెంట్ లేకుండా కూడా ట్రస్టెడ్ పబ్లిషింగ్ నడుస్తుంది, కానీ అప్పుడు రిపాజిటరీలో మార్పులు చేర్చగలిగిన ప్రతివారికీ విడుదల చేసే అధికారం కూడా ఉన్నట్టే. గిట్‌హబ్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్ సృష్టించి దానికి రక్షణ నియమాలు పెడితే పరిస్థితి వేరు. గరిష్ఠంగా ఆరుగురు వ్యక్తులను లేదా జట్లను ఆమోదించేవారిగా నియమించవచ్చు, వారిలో ఒక్కరు ఒప్పుకుంటే చాలు. విడుదల మొదలుపెట్టినవారే దాన్ని ఆమోదించకుండా నిరోధించే నియమం కూడా ఉంది. ఫలానా తరహా ట్యాగ్‌ల (కోడ్‌లో ఒక వెర్షన్‌కు పెట్టే గుర్తుల) నుంచి మాత్రమే నడవాలని కట్టడి చేయవచ్చు. 30 రోజుల్లో ఎవరూ ఆమోదించకపోతే ఆ విడుదల దానంతటదే రద్దవుతుంది. పబ్లిక్ రిపాజిటరీలకు ఇదంతా ఉచితం.

దేవాలయంలో హుండీని పదిమంది సమక్షంలో తెరిచినట్టు, విడుదలకు రెండో మనిషి సాక్ష్యం తప్పనిసరి అవుతుంది. మా బృందంలో ఇప్పుడు ట్యాగ్ ఎవరైనా పెట్టవచ్చు, ఆమోదం మాత్రం మరొకరిది. మాకు రాత్రి అయ్యేసరికి డల్లాస్‌లో ఉదయం కాబట్టి, ఇక్కడ రాత్రి భోజనాల వేళ పెట్టిన ట్యాగ్‌ను అక్కడి మిత్రుడు ఆఫీసుకు బయలుదేరేలోపు చూసి పంపించగలుగుతున్నాడు. ఆమోదించేముందు చూడవలసినవి మాకు మేమే రాసుకున్నాము. ట్యాగ్‌లోని వెర్షన్ సంఖ్యా, ప్యాకేజీ వివరాల ఫైలులోని సంఖ్యా ఒకటేనా? మార్పుల జాబితా అయిన చేంజ్‌లాగ్‌లో ఈ వెర్షన్‌కు తేదీ పడిందా? తయారైన వీల్‌ను దించుకుని తెరిస్తే ఫాంట్ అక్షరాల పట్టికల ఫైళ్లు లోపల ఉన్నాయా? ఈ మూడోది చాలా ముఖ్యం. రిపాజిటరీలో పరీక్షలన్నీ నెగ్గిన కోడ్ కూడా, డేటా ఫైళ్లు వీల్‌లోకి చేరకపోతే వాడేవారి యంత్రం మీద మొదటి వరుసలోనే ఆగిపోతుంది. ఒకసారి ఎక్కించిన ఫైలు పేరును, ఆ ఫైలును తొలగించిన తరువాత కూడా, పైపీఐ మళ్లీ వాడనివ్వదు. తప్పు బయటపడితే ఆ వెర్షన్‌ను యాంక్ చేసి (వాడవద్దని గుర్తు పెట్టి పక్కన ఉంచి) మరో సంఖ్యతో ముందుకు పోవడం తప్ప దారి లేదు. అందుకే ఆ బొత్తం నొక్కే మనిషి తొందరలో లేని మనిషై ఉండాలి. ట్యాగ్ పెట్టినవారికి సాధారణంగా తొందర ఉంటుంది.

భద్రత విషయంలో ఈ సదుపాయానికి ఉన్న పేరును కొంత జాగ్రత్తగా చదువుకోవాలి. 2024 డిసెంబరులో అల్ట్రాలిటిక్స్ అనే ప్రసిద్ధ పైథాన్ ప్యాకేజీ మీద జరిగిన దాడి ఇందుకు మంచి పాఠ్యాంశం. ఆ ప్రాజెక్టు అప్పటికే ట్రస్టెడ్ పబ్లిషింగ్ వాడుతోంది. పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పు ప్రతిపాదన) శాఖ పేరులోనే ఆదేశాలు దూర్చి, వర్క్‌ఫ్లోలోని లోపాన్ని ఆసరాగా చేసుకుని, దాడి చేసినవారు 8.3.41, 8.3.42 వెర్షన్లలో క్రిప్టో మైనింగ్ కోడ్‌ను చేర్చారు. వాటిని తొలగించాక కొద్ది రోజులకే 8.3.45, 8.3.46 అనే మరో రెండు చెడ్డ వెర్షన్లు వచ్చాయి. అవి వర్క్‌ఫ్లో ద్వారా రాలేదు. కొత్త పద్ధతికి మారిన తరువాత కూడా తొలగించకుండా మిగిలిపోయిన పాత ఏపీఐ టోకెన్ ద్వారా వచ్చాయి. ఈ తేడాను తేల్చగలగడానికి కూడా కొత్త పద్ధతే తోడ్పడింది. ఎందుకంటే 2024 నవంబరు నుంచి పైపీఐ స్వీకరిస్తున్న ధ్రువపత్రాలు, ఏ ఫైలు ఏ వర్క్‌ఫ్లో నుంచి వచ్చిందో బహిరంగంగా చూపిస్తాయి. మొదటి రెండు ఫైళ్లకు ఆ పత్రాలు ఉన్నాయి, తరువాతి రెండింటికి లేవు.

అంటే ఈ సదుపాయం నమ్మకాన్ని రద్దు చేయదు, చోటు మారుస్తుంది. నిన్నటివరకు టోకెన్ ఉన్న మనిషిని నమ్మాము, నేడు వర్క్‌ఫ్లో ఫైలును, దాన్ని మార్చగలిగినవారిని, అది పిలిచే బయటి యాక్షన్లను నమ్ముతున్నాము. కాబట్టి ఆ ఫైలులో మార్పులకు ఇద్దరి పరిశీలన తప్పనిసరి చేయడం, బయటి యాక్షన్లను ట్యాగ్ పేరుతో కాక కమిట్ సంఖ్యతో (కోడ్‌లో ఒక్కో మార్పుకు ఉండే మారని గుర్తింపుతో) బిగించడం విడుదల పనిలో భాగమే అవుతాయి. గైడ్లలో ఇవన్నీ ఉన్నాయి గాని, నాలుగు గడుల ఫారం చూపించినంత ప్రముఖంగా వీటిని కూడా చూపించి ఉంటే బాగుండేది.

విడుదల పని పంచుకోవడం గురించి మాట్లాడేటప్పుడు ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉదంతాన్ని పక్కన పెట్టలేము. అలసిపోయిన ఏకైక నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ వచ్చిన జియా టాన్ అనే మారుపేరు వ్యక్తి, కొన్నేళ్లు ఓపికగా పనిచేసి, విడుదల బాధ్యతను చేజిక్కించుకుని, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారిని చేర్చాడు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని బయటపెట్టాడు. దొంగదారిని మేల్కొలిపే కీలకమైన ముక్క గిట్ రిపాజిటరీలో లేదు, చేతితో తయారుచేసిన టార్‌బాల్ అనే విడుదల ఫైలులో మాత్రమే ఉంది. ఎక్స్‌జెడ్ సీ భాషలో రాసిన ప్రాజెక్టు కాబట్టి పైపీఐతో దానికి సంబంధం లేదు. అయినా, విడుదల ఫైలును ఒకరి ల్యాప్‌టాప్‌లో కాక అందరూ చూడగలిగే వర్క్‌ఫ్లోలో తయారుచేయాలన్న వాదనకు అంతకంటే బలమైన ఆధారం దొరకదు. రెండోవైపు, దాడికి అసలు సరుకు పరీక్ష ఫైళ్ల రూపంలో రిపాజిటరీలోనే దర్జాగా కూర్చుని ఉంది. దాన్ని ఏ వర్క్‌ఫ్లో ఆపదు. కొత్తగా వచ్చినవారికి ఎప్పుడు, ఎంత అధికారం ఇవ్వాలో బృందమే తేల్చుకోవాలి. ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఇందులో చేసే మేలు ఏమిటంటే, అధికారాన్ని మెట్టుమెట్టుగా ఇవ్వనిస్తుంది. పైపీఐ ఖాతా కూడా లేని సభ్యుడు ట్యాగ్ పెట్టి విడుదల నడిపించవచ్చు, కొన్నాళ్లకు ఆమోదించేవారిలో ఒకరు కావచ్చు, పైపీఐలో యజమాని హోదా అవసరమైతేనే ఇవ్వవచ్చు. పాత పద్ధతిలో టోకెన్ ఇవ్వడం, ఇవ్వకపోవడం అనే రెండే మెట్లు ఉండేవి.

లోపాలు ఇంకా ఉన్నాయి. గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్‌లో వర్క్‌ఫ్లోలను నడిపే సేవ), గిట్‌ల్యాబ్, గూగుల్ క్లౌడ్, యాక్టివ్‌స్టేట్ వంటి కొన్ని వేదికలు మాత్రమే ఈ సదుపాయానికి అర్హమైనవి. సొంత సర్వర్ మీద గిట్ నడుపుకునే బృందాల్లో చాలామంది, పెద్ద కంపెనీల వేదికలు వద్దనుకుని బయటికి వచ్చినవారు పాత టోకెన్లతోనే సర్దుకోవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్ఫూర్తి ఉన్నవారికి ఇది చిన్న అభ్యంతరం కాదు. ఒకే సంస్థ కింద చాలా ప్యాకేజీలు నడిపేవారు ఒక ఉమ్మడి వర్క్‌ఫ్లో రాసుకుని అన్నిచోట్లా పిలవాలనుకుంటారు, కానీ అలా పంచుకునే వర్క్‌ఫ్లోను పబ్లిషర్‌గా నమోదు చేయడానికి ఇంకా వీలు లేదు. ఎక్కించే జాబ్‌ను ప్రతి రిపాజిటరీలో మళ్లీ రాయాల్సిందే. గిట్‌హబ్ యాక్షన్స్ పనిచేయని రోజున భద్రతా సవరణను అత్యవసరంగా విడుదల చేయాల్సి వస్తే ఏం చేయాలో ముందే అనుకోవాలి. యజమాని ఒకరు అప్పటికప్పుడు టోకెన్ సృష్టించి, పని ముగిశాక తొలగించడం మేము ఎంచుకున్న దారి. అందువల్ల యజమానులు కనీసం ఇద్దరు ఉండాలి.

ఇక ఈ సదుపాయం ముట్టుకోని పని గురించి కూడా చెప్పుకోవాలి. ఏ సవరణ ఈ వెర్షన్‌లో వెళ్లాలి, ఏది వాయిదా వేయాలి, పాత వాడుకరులకు ఇబ్బంది కలిగించే మార్పును ఎప్పుడు ప్రకటించాలి అన్నవి మనుషుల తీర్పులు. పైథాన్ భాష విడుదలలనే చూస్తే, అక్కడ ప్రతి ప్రధాన వెర్షన్‌కు ఒక రిలీజ్ మేనేజర్ ఉంటారు. 3.12, 3.13 వెర్షన్లకు థామస్ వౌటర్స్, 3.14, 3.15 వెర్షన్లకు హ్యూగో వాన్ కెమెనాడె ఆ బాధ్యత తీసుకున్నారు. విండోస్, మ్యాక్ ఇన్‌స్టాలర్లను వేరే నిపుణులు తయారుచేస్తారు. చేయవలసిన పనులు వరుసగా పెప్ 101 అనే బహిరంగ పత్రంలో ఉంటాయి. ఏటా ఒక ప్రధాన వెర్షన్ అని కాలక్రమం ముందే తెలుసు కాబట్టి, బాధ్యత ఎవరి నుంచి ఎవరికి మారుతుందన్నదీ ముందే తెలుస్తుంది. చిన్న ప్రాజెక్టుకు ఇంత యంత్రాంగం అక్కర్లేదు గాని, ఈసారి విడుదల ఎవరిది అన్న ఒక్క వాక్యం రాసి పెట్టుకోకపోతే, బొత్తం అందరికీ అందుబాటులో ఉన్నా ఎవరూ నొక్కరు. నలుగురికీ అధికారం ఇచ్చిన తరువాత విడుదలలు ఇంకా నెమ్మదించిన ప్రాజెక్టులు ఉంటాయంటే నాకు ఆశ్చర్యం లేదు. మేము ప్రతి విడుదల చివరన తరువాతి వంతు ఎవరిదో చేంజ్‌లాగ్ ముసాయిదాలోనే రాస్తున్నాము.

ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ఏ పైథాన్ ప్రాజెక్టుకైనా, గిట్‌హబ్ లేదా గిట్‌ల్యాబ్ మీద ఉంటే, దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఎన్విరాన్‌మెంట్ లేకుండా, పాత టోకెన్లు తొలగించకుండా పెట్టుకుంటే మాత్రం సగం లాభమే. ఒంటరిగా నడిపే ప్రాజెక్టుకు కూడా మేలే, కానీ అక్కడ అది భద్రతకు సంబంధించిన సౌకర్యం, పంచుకోవడానికి మనుషులు ముందు దొరకాలి.

ఇతర భాషల్లో పనిచేసేవారికి కూడా ఇప్పుడు ఇదే దారి తెరుచుకుంది. రూబీజెమ్స్ 2023 డిసెంబరులో, రస్ట్ ప్యాకేజీల క్రేట్స్.ఐఓ, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఎన్‌పీఎమ్ 2025 జూలైలో ఈ పద్ధతిని అందుబాటులోకి తెచ్చాయి. ఒక్క విషయంలో క్రేట్స్.ఐఓ, ఎన్‌పీఎమ్‌ల కంటే పైపీఐ మెరుగు. ఇంకా పుట్టని ప్రాజెక్టుకు కూడా ముందుగానే పబ్లిషర్‌ను నమోదు చేసి, మొట్టమొదటి వెర్షన్‌నే వర్క్‌ఫ్లో ద్వారా విడుదల చేయవచ్చు. అలా నమోదు చేసినంత మాత్రాన పేరు మనకు రిజర్వ్ కాదు, విడుదల జరిగేలోపు మరొకరు ఆ పేరు తీసుకోవచ్చు. క్రేట్స్.ఐఓలో, ఎన్‌పీఎమ్‌లో ప్యాకేజీ ముందే ఉంటేనే ఈ అమరిక సాధ్యం కాబట్టి, ఆ మొదటి విడుదలకు ఎవరో ఒకరు పాత పద్ధతిలో తమ ఖాతాతోనే ఎక్కించాలి.